ఏడున్నర తలల మనిషి

మా తాతయ్యను మొదటిసారి నిలువెత్తున గీసినప్పుడు ముఖం బాగా కుదిరింది. లోతు కళ్లు, కాస్త పక్కకు ఒరిగిన ముక్కు, బిగించిన పెదవులు, అన్నీ ఆయనవే. బొమ్మను గోడకు ఆనించి ఇంట్లోవాళ్లకు చూపిస్తే అందరూ ఒకే మాటన్నారు. ముఖం తాతయ్యదే, మనిషి మాత్రం ఆయన కాదు. ఎవరో పొడగరి ఒంటి మీద ఆయన తల తెచ్చి పెట్టినట్టుంది. ఆ రాత్రి స్కేలు పెట్టి కొలిస్తే సంగతి తెలిసింది. నేర్చుకున్న పాఠం ప్రకారం ఆయన్ని ఎనిమిది తలల ఎత్తున గీశాను. ఆయన నిజానికి ఏడు తలలకు మించరు.

దూరంగా నడిచి వస్తున్న మనిషిని ముఖం కనపడకముందే గుర్తుపడతాం. భుజాల వాలు, మెడ పొట్టిదా పొడుగుదా, నడుము ఎక్కడ మొదలవుతుంది, చేతులు ఎంత కిందికి వేలాడుతున్నాయి, ఇవన్నీ కలిసి ముందే చెప్పేస్తాయి. నిలువెత్తు బొమ్మలో పోలిక సగానికి పైగా అక్కడే ఉంటుంది. అందుకే శరీర కొలతలు నేర్చుకోవాలి. అయితే వాటిని దేనికి నేర్చుకుంటున్నామో తెలియకపోతే, నాకు జరిగినట్టే, కొలతలే పోలికను చెడగొడతాయి. సగటు మనిషి లెక్క మనకు తెలియాల్సింది, ఎదురుగా ఉన్న మనిషి ఆ లెక్కకు ఎక్కడ తప్పుతున్నాడో పట్టుకోవడానికి.

తలే ఎందుకు కొలత

సెంటీమీటర్లు కాగితం మీద పనికిరావు. 170 సెంటీమీటర్ల మనిషిని 40 సెంటీమీటర్ల కాగితం మీదకు తేవాలంటే ఒంట్లోని ఒక భాగంతో మరో భాగాన్ని పోల్చడమే దారి. ఆ భాగం బట్టల వెనక దాక్కోకూడదు, భంగిమ మారినా పొడవు మారకూడదు. తలకు ఈ రెండు గుణాలూ ఉన్నాయి. పుర్రె ముడుచుకోదు, వంగదు. నడినెత్తి నుంచి గడ్డం కింది అంచు దాకా ఉన్న ఎత్తును ఒక తల అంటాం. జుట్టు ఒత్తుగా ఉంటే దాని కింద పుర్రె ఎక్కడుందో ఊహించుకుని కొలవాలి. ఒత్తైన జుట్టుతో కలిపి కొలిచి, మనిషిని పొట్టిగా చేసేయడం చాలా మంది చేసే పొరపాటు.

పెద్దవాళ్లలో తల ఎత్తు ఇంచుమించు 22, 23 సెంటీమీటర్లు. దాంతో 170 సెంటీమీటర్లను భాగిస్తే ఏడున్నర వస్తుంది. ఆ మనిషి నిటారుగా నిలబడితే మొదటి తల గడ్డం దగ్గర ముగుస్తుంది. రెండోది చనుమొనల దగ్గర, మూడోది బొడ్డు దగ్గర. నాలుగో తల పూర్తి కాకముందే గజ్జలు, అంటే తొడలు మొండేన్ని కలిసే చోటు, వచ్చేస్తాయి. మొత్తం ఎత్తుకు సరిగ్గా సగం అక్కడే. మోకాటి చిప్ప కింది అంచు దగ్గరికి అయిదున్నర తలలవుతాయి, అక్కడి నుంచి నేల దాకా ఇంకో రెండు.

చేతుల లెక్క మరీ సులువు. చేతిని పక్కన వదిలేస్తే మోచెయ్యి నడుము దగ్గరకు, మణికట్టు గజ్జల దగ్గరకు, వేళ్ల చివర్లు తొడ నడిమికి వస్తాయి. అరచేతి మొదలును గడ్డానికి ఆనిస్తే వేళ్లు నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటుకు చేరతాయి. పాదం పొడవు, మోచేతి మడత నుంచి మణికట్టు దాకా ఉన్న పొడవు దాదాపు ఒకటే. చేతులు బారచాపితే ఆ కొస నుంచి ఈ కొసకు ఉన్న దూరం మనిషి ఎత్తుకు దగ్గరగా ఉంటుంది. తెలుగులో దాన్ని బార అనే అంటాం. రెండు జానలు ఒక మూర, నాలుగు మూరలు ఒక బార అని పెద్దవాళ్లు లెక్కపెట్టిన కొలతల్లోనే ఈ శరీర పాఠం ఉంది. మన ఎత్తు మన మూరతో ఇంచుమించు నాలుగు మూరలు.

ఈ లెక్క చదివినంత మాత్రాన చేతికి రాదు. అద్దం ముందు నిలబడి మీ అరచేతిని మీ ముఖం మీద పెట్టి చూడండి. చెయ్యి ఇంత పెద్దదా అనిపిస్తుంది. నేర్చుకునే రోజుల్లో దాదాపు అందరూ చేతుల్ని, పాదాల్ని చిన్నవిగా, తలను పెద్దదిగా గీస్తారు. మన ధ్యాసంతా ముఖం మీదే ఉంటుంది కాబట్టి చెయ్యి దానికి ఎక్కువ చోటిస్తుంది. పైగా పైనుంచి కిందికి గీసుకుంటూ వస్తాం. పిక్కల దగ్గరికి వచ్చేసరికి కాగితం అయిపోతుంది, మిగిలిన చోటులో కాళ్లను కుదించేస్తాం.

ఏడున్నరా, ఎనిమిదా, తొమ్మిదా

ఒక పుస్తకం ఏడున్నర అంటుంది, ఇంకోటి ఎనిమిది అంటుంది, శిల్పశాస్త్రం నవతాళం, అంటే తొమ్మిది తాళాలు, అంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లను ఇంతకన్నా గందరగోళపెట్టేది ఇంకోటి లేదు. నిజానికి ఇందులో రెండు వేరువేరు సంగతులు కలిసిపోయాయి.

మొదటిది, అందరూ కొలిచింది ఒకే దాన్ని కాదు. రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దంలో రాసిన లెక్క చూడండి. గడ్డం నుంచి నడినెత్తి దాకా ఉన్న తల ఎత్తులో ఎనిమిదో వంతు, గడ్డం నుంచి జుట్టు మొదలు దాకా ఉన్న ముఖం పదో వంతు అన్నాడు. అంటే ఒకే మనిషి తలలతో కొలిస్తే ఎనిమిది, ముఖాలతో కొలిస్తే పది. పదిహేను శతాబ్దాల తర్వాత, 1490 ప్రాంతంలో లియొనార్డో డావించి వృత్తంలోనూ చతురస్రంలోనూ కాళ్లూ చేతులూ చాపి నిలబెట్టిన మనిషి బొమ్మకు ఆధారం ఈ లెక్కే.

మన శిల్పుల కొలత పద్ధతి అయిన తాళమానం కూడా ముఖంతోనే కొలుస్తుంది. తాళమంటే జుట్టు మొదలు నుంచి గడ్డం దాకా ఉన్న ముఖం పొడవు. అరచేతి పొడవూ అంతే. అందులో పన్నెండో వంతు ఒక అంగుళం. ఇది స్కేలు మీది ఇంచి కాదు, ఆ బొమ్మ ముఖంలోంచే పుట్టిన అంగుళం. నవతాళ పురుషుడు తొమ్మిది తాళాలు, అంటే 108 అంగుళాలు. బాగా వాడుకలో ఉన్న ఒక విభజనలో ముఖం 12, మెడ 4, మెడ నుంచి రొమ్ము దాకా 12, అక్కడి నుంచి బొడ్డుకు 12, బొడ్డు నుంచి గజ్జలకు 12, తొడ 24, మోకాలు 4, పిక్క భాగం 24, పాదం ఎత్తు 4 అంగుళాలు. కూడితే సరిగ్గా 108.

నేను చాలాకాలం ఈ తొమ్మిదిని చూసి, నవతాళమంటే ఎనిమిది తలల కన్నా సాగదీసిన దేవతా రూపం అనుకున్నాను. ఒకరోజు కూర్చుని కూడి చూస్తే అర్థమైంది. ఆ 108లో జుట్టు మొదలుకు పైనున్న పుర్రె లేదు. దానికి ఒక నాలుగు అంగుళాలు కలిపితే మొత్తం ఎత్తు 112, తల 16 అవుతుంది. 112ను 16తో భాగిస్తే ఏడు. మూడంగుళాలే కలిపితే ఏడు మీద కాస్త. అంటే నవతాళం మన చుట్టూ తిరిగే మనిషి కొలతకు అతి దగ్గరగా ఉంది. తలలతో, ముఖాలతో కొలిచిన లెక్కల్ని పక్కపక్కన పెట్టి తొమ్మిది ఏడున్నర కన్నా పెద్దది అనుకోవడం, మైళ్లనూ కిలోమీటర్లనూ కలిపి కూడటం లాంటిది.

ఈజిప్టు చిత్రకారులూ నడినెత్తిని వదిలేశారు. గోడ మీద ముందుగా గళ్లు కొట్టుకుని, నిలబడ్డ మనిషికి అరికాలి నుంచి జుట్టు మొదలు దాకా 18 గళ్లు ఇచ్చేవాళ్లు. కిరీటమో కృత్రిమ కేశాలో ఉన్న తలకు పుర్రె పైభాగం ఎక్కడుందో చూసేవాడికి తెలియదు. జుట్టు మొదలు మాత్రం ఎప్పుడూ కనిపిస్తుంది. మన శిల్పాల్లోనూ కిరీటాలు, జటలు ఉంటాయి కాబట్టి తాళానికి ముఖాన్ని ఎంచుకోవడం వెనక ఇదే వీలు పనిచేసి ఉంటుందని నాకనిపిస్తుంది.

రెండో సంగతి, కొందరు మనిషిని ఉన్నట్టు కాక ఎలా కనపడాలో అలా కొలిచారు. గ్రీకు శిల్పి పొలిక్లీటస్ క్రీస్తు పూర్వం అయిదో శతాబ్దంలో బల్లెం పట్టుకున్న యువకుడి కంచు విగ్రహం చేసి, శరీర నిష్పత్తుల మీద పుస్తకమూ రాశాడు. ఆ పుస్తకం మనకు దక్కలేదు, విగ్రహం కూడా తర్వాతివాళ్లు చెక్కిన నకళ్లలోనే మిగిలింది. ఆ దేహం గట్టిగా, బరువుగా ఉంటుంది. ఒక శతాబ్దం తర్వాత లిసిప్పస్ తలను చిన్నది చేసి ఒంటిని సన్నబరిచాడు, దాంతో విగ్రహాలు ఇంకా పొడుగ్గా కనిపించాయని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. తల చిన్నదైతే ఒళ్లు పెద్దదనిపిస్తుంది. ఎనిమిది తలల వీరుడు, తొమ్మిది తలల ఫ్యాషన్ బొమ్మ ఈ సూత్రం మీదే నిలబడ్డాయి. అందంగానే ఉంటాయి. ఒక ఫలానా మనిషి బొమ్మకు మాత్రం వాటిని తెచ్చుకోకూడదు.

ఈ వరసలో నాకు అందరికన్నా ఇష్టమైనవాడు జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్. అందమైన శరీరానికి ఒకే రహస్య కొలత ఉంటుందని వెతకడం మొదలుపెట్టాడు. చివరికి 1528లో, ఆయన చనిపోయిన కొద్ది నెలలకు అచ్చయిన గ్రంథంలో ఒక కొలత కాదు, అనేక రకాల శరీరాల కొలతలున్నాయి. బక్కవాళ్లు, లావుపాటివాళ్లు, పొడవాళ్లు, పొట్టివాళ్లు. ఆ గ్రంథం పేజీలు చూసినప్పుడల్లా, మనుషుల్ని గీసేవాడికి కొలత నేర్పాల్సింది ఇదే అనిపిస్తుంది.

ఎత్తూ వయసూ

కాగితం మీద ఎవరూ పొడుగూ కాదు, పొట్టీ కాదు. పక్కన తలుపో కుర్చీయో లేకపోతే, చూసేవాడికి ఎత్తు తెలిసేది తలకూ ఒంటికీ ఉన్న నిష్పత్తి వల్లే. పెద్దవాళ్లలో ఎత్తు మారినంతగా తల మారదు. 185 సెంటీమీటర్ల మనిషి ఎనిమిది తలలకు దగ్గరవుతాడు, 150 సెంటీమీటర్ల మనిషి ఏడుకో ఇంకా తక్కువకో వస్తాడు. అందుకే పొట్టి మనిషిని గీయడమంటే పొడవాటి మనిషిని కుదించడం కాదు. ఒకే ఎత్తున్న ఇద్దరిలోనూ ఒకరికి నడుము పైభాగం పొడవు, ఇంకొకరికి కాళ్లు పొడవు. పక్కపక్కన కూర్చోబెడితే అది ఇట్టే బయటపడుతుంది. మగవాళ్లలో భుజాలు తుంటి కన్నా బాగా వెడల్పు, ఆడవాళ్లలో ఆ తేడా తక్కువ అని అన్ని పాఠాల్లోనూ ఉంటుంది. సగటున అది నిజమే. ఎదుటి మనిషి సగటు కాకపోవచ్చు, కాబట్టి భుజాలనూ తుంటినీ ప్రతిసారీ కొలవాలి.

పిల్లల దగ్గర ఈ లెక్క పూర్తిగా మారిపోతుంది. అప్పుడే పుట్టిన బిడ్డ నాలుగు తలలు. పుట్టినప్పటి నుంచి పెద్దయ్యేలోపు తల దాదాపు రెండింతలవుతుంది, మొండెం మూడింతలు, చేతులు నాలుగింతలు, కాళ్లు అయిదింతలు. అంటే తల తగ్గిపోయేదేమీ లేదు, మిగతా ఒళ్లు దాన్ని దాటుకుని పెరుగుతుంది. అందుకే బిడ్డ ఎత్తులో సగం బొడ్డు దగ్గర ఉంటే, పెద్దయ్యేసరికి ఆ సగం గజ్జల్లోకి దిగుతుంది. బడికి వెళ్లే వయసులో అయిదున్నర, ఆరు తలలు, పదమూడేళ్లకు ఏడుకు దగ్గరవుతారు. పాత చిత్రాల్లో కొన్నిచోట్ల తల్లి ఒడిలోని బిడ్డ మరుగుజ్జు పెద్దమనిషిలా కనపడటానికి కారణం ఇదే. బుగ్గలు ఎంత గుండ్రంగా వేసినా నిష్పత్తి పెద్దవాళ్లదైతే పసితనం రాదు. గణపతికి శిల్పులు సాధారణంగా అయిదు తాళాలే ఇవ్వడం గుర్తు తెచ్చుకోండి. అంత పెద్ద బొజ్జ ఉన్నా ఆయన ముద్దుగా కనపడటంలో ఈ పసి నిష్పత్తికి భాగముంది.

ముసలితనంలో మారేది వెన్ను. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్లలు పలచబడతాయి, వెన్ను ముందుకు వంగుతుంది, తల భుజాలకు ముందుకొస్తుంది. కాళ్ల ఎముకలు, చేతుల ఎముకలు పొట్టివి కావు. కాబట్టి మొండెం కుదించుకున్న ఒంటి మీద చేతులు మునుపటికన్నా పొడుగ్గా వేలాడతాయి. ముడతలు ఎన్ని గీసినా, ఈ చేతుల దిగుడు పట్టుకోకపోతే వయసు ఒంట్లోకి రాదు.

కొలత ఎక్కడ ఆగిపోతుంది

పైన చెప్పిన లెక్కలన్నీ ఒక్క స్థితికే చెల్లుతాయి. మనిషి నిటారుగా, రెండు కాళ్ల మీదా సమంగా నిలబడాలి, మనం తగినంత దూరంలో ఉండాలి. అలా ఎవరూ నిలబడరు, ఫొటోకు నిలబెడితే తప్ప.

మామూలుగా మనిషి బరువంతా ఒక కాలి మీదకు వేస్తాడు. అప్పుడు ఆ వైపు తుంటి పైకి లేస్తుంది. పడిపోకుండా ఉండటానికి అదే వైపు భుజం కిందికి దిగుతుంది. భుజాల గీత, తుంటి గీత ఒకదానికొకటి ఎదురువాలుగా ఉంటాయి, మధ్యలో వెన్ను మెలితిరుగుతుంది. గొంతు గుంట దగ్గర చివర బరువు కట్టిన దారాన్ని వేలాడదీసినట్టు ఊహించుకోండి. అది బరువు మోస్తున్న పాదం మీదకు, ఇంచుమించు లోపలి చీలమండ దగ్గరకు రావాలి. రాకపోతే బొమ్మ ఒరిగిపోతున్నట్టు ఉంటుంది, కొలతలన్నీ సరిగా ఉన్నా.

ముందుకు చాచిన చెయ్యి, మనవైపు తిరిగిన తొడ ఇంకో చిక్కు. కుర్చీలో కూర్చున్న మనిషిని ఎదురుగా చూస్తే తొడ దాదాపు మాయమవుతుంది. తుంటి మడత నుంచి మోకాలి దాకా కనిపించేది చారెడు చోటే. తొడ రెండు తలల పొడవని మన బుర్రకు తెలుసు కాబట్టి చెయ్యి సాగదీసేస్తుంది, కూర్చున్న మనిషి కుర్చీ మీంచి జారిపోతున్నట్టు కనిపిస్తాడు. ఇక్కడ తెలిసిన లెక్కను పక్కనపెట్టి కళ్లకు కనిపించే దూరాన్నే కొలవాలి. కుర్చీ మీది మనిషికి ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవచ్చు. నిటారుగా కూర్చుంటే నడినెత్తి నుంచి కుర్చీ దాకా ఇంచుమించు నాలుగు తలలు, అక్కడి నుంచి నేలకు ఇంకో రెండు.

ఫొటో చూసి గీసేవాళ్లకు మరో జాగ్రత్త కావాలి. దగ్గరగా నిలబడి, ఫోనును ముఖం ఎత్తున పట్టుకుని కిందికి వంచి తీస్తే తల పెద్దదై కాళ్లు కుదించుకుపోతాయి. నేల దగ్గర నుంచి పైకి తీస్తే కాళ్లు సాగి తల చిన్నదవుతుంది. ఫ్రేము అంచులకు చేరిన చేతులు, పాదాలు పక్కలకు సాగుతాయి. ఆ ఫొటోను గళ్లు కొట్టి తు.చ. తప్పకుండా దించితే ఆ వంకరంతా బొమ్మలోకి వస్తుంది, తప్పెక్కడుందో మాత్రం తెలియదు. నాలుగైదు మీటర్లు వెనక్కి జరిగి, ఫోనును మనిషి నడుము ఎత్తున నిటారుగా పట్టుకుని, జూమ్ చేసి తియ్యండి. పాత ఫొటో ఒక్కటే ఉంటే, అందులో తలలు లెక్కపెట్టి చూడండి. ఏడున్నరకు బాగా దూరంగా వస్తే అది మనిషి తీరా, కెమెరా తీరా అని ఆలోచించుకోవాలి.

కాగితం మీద

నేను మొదట కాగితం మీద రెండు అడ్డగీతలు గీస్తాను, నడినెత్తికి ఒకటి, అరికాలికి ఒకటి. మనిషి ఆ రెంటి మధ్య ఉండి తీరాలి. తర్వాత సగానికి గుర్తు. ఎదురుగా ఉన్న మనిషిలో ఆ సగం ఎక్కడ పడుతోంది? గజ్జల దగ్గరా, పైనా, కిందా? ఈ ఒక్క ప్రశ్నతోనే కాళ్ల పొడవు తేలిపోతుంది.

కొలవడానికి పెన్సిల్ చాలు. చెయ్యి పూర్తిగా చాపి, మోచెయ్యి వంచకుండా, ఒక కన్ను మూసి, పెన్సిల్ కొనను నడినెత్తికి ఆనించి గడ్డం దగ్గర బొటనవేలు పెట్టాలి. ఆ పొడవును కిందికి దించుకుంటూ లెక్కపెట్టాలి. మోచెయ్యి కాస్త వంగినా పెన్సిల్ కంటికి దగ్గరై కొలత మారిపోతుంది. మనిషికి మరీ దగ్గరగా నిలబడి కొలిస్తే పాదాలు కుదించుకుని కనపడతాయి కాబట్టి, ఆయన ఎత్తుకు కనీసం మూడింతల దూరంలో ఉండటం మంచిది.

వదులు బట్టలు గజ్జల్ని, మోకాళ్లను దాచేస్తే మోచెయ్యి, మణికట్టు చూస్తాను. అవి బయటే ఉంటాయి, ఒంటి లోపలి లెక్క చెబుతాయి. మోకాలి దగ్గర బట్ట మడత పడే చోటు కూడా ఆనవాలే. తర్వాత బరువు ఏ కాలి మీదుందో చూసి భుజాల వాలు, తుంటి వాలు వేస్తాను. చెయ్యికీ నడుముకూ మధ్య ఏర్పడే ఖాళీ ఆకారాన్ని విడిగా చూసి గీస్తాను. చెయ్యి ఎలా ఉంటుందో బుర్రకు ముందే తెలుసు, ఆ ఖాళీ ఎలా ఉంటుందో తెలియదు. అందుకే కన్ను అక్కడ అబద్ధం చెప్పదు. తలల లెక్క ఆఖర్న సరిచూసుకోవడానికి వాడతాను. తేడా వస్తే వెంటనే చెరిపేయను. మళ్లీ మనిషి వైపు చూస్తాను. ఆ తేడా ఆయనదే అయితే ఉంచేస్తాను, కొన్నిసార్లు వెంట్రుకవాసి పెంచుతాను కూడా.

తాతయ్యను రెండోసారి అలాగే గీశాను. వసారాలో ఆయన నిలబడే తీరులోనే, ఎడమకాలి మీద బరువు వేసి, వెనక్కి కట్టుకున్న చేతులు వదిలేయమని అడిగి. సగం గుర్తు గజ్జల మీద పడలేదు, వేలెడు కింద పడింది. ఆయన కాళ్లు నేననుకున్నంత పొట్టివి కావు, వెన్ను దిగింది. మణికట్లు గజ్జలు దాటి తొడల మీదకు వచ్చాయి. గడ్డం భుజాల గీతకు దగ్గరగా, ముందుకు ఉంది. మొత్తం లెక్కపెడితే ఏడుకు కొంచెం తక్కువ. ఒళ్లంతా నిలిచాక ముఖం ఉండాల్సిన చోట కోడిగుడ్డు ఆకారం మాత్రమే వేసి, కళ్లూ ముక్కూ ఇంకా పెట్టకముందే కాగితం పక్కనపెట్టాను. అటుగా వెళ్తున్న నానమ్మ ఆగి చూసి, “ఆయన్ని ఇంతసేపు నిలబెట్టావేంట్రా, కాళ్లు నొప్పెడతాయి” అంది.